పిల్లలకు ఇంగ్లీషు మాటలాడుట నేర్పు విధము

(ప్రధానోపాధ్యాయుడు)

గత విద్యాసంవత్సరము ఆరంభమున ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని నా గదికి వచ్చినది. పాప అప్పటికి మూడవ తరగతి ముగించినది. తెలుగు తడబాటు లేక చదువును, లెక్కలలో చురుకైనది. తల్లి కూర్చుండక నిలుచుండియే, "పాపకు టి.సి. ఇచ్చేయండి సార్, ఇంగ్లీషు బడిలో వేస్తాము" అనెను. కారణ మడిగితిని. "మూడేండ్లు చదివినా ఇంగ్లీషు మాట్లాడేకి రాలేదు సార్. మా అన్న కొడుకు అప్పుడే ఇంగ్లీషు పాటలన్నీ చెప్తాడు" అనెను. నేను నచ్చజెప్ప బోయితిని. ఆమె వినలేదు. టి.సి. తీసికొని పోయినది.

ఆమె పోయిన తరువాత చాలసేపు ఆలోచించితిని. బిడ్డకు నాలుగు ఇంగ్లీషు మాటలు రావలెనని కోరుట ఏ తల్లికైనను సహజమే. దానికై బడి మార్చుట తొందరపాటని నాకు తోచినది. కాని ఆ తొందరపాటునకు మేమును కొంత కారకులము గదా!

నాటి నుండి పోషకులతో ఈ విషయమై దాపరికము లేక మాటలాడవలెనని తలచుచునే యున్నాను. మన సంఘమువారు వార్షిక సంచికకు వ్యాస మడిగినప్పుడు ఇంతకంటె అవసరమైన విషయము నాకు కనబడలేదు. నేను చెప్పదలచినది క్లుప్తముగా నిది: ఇంగ్లీషు మాటలాడుట వేరు, సకల పాఠములను ఇంగ్లీషులో చదువుట వేరు. మొదటిదానిని తెలుగు బడిలో చక్కగా నేర్పవచ్చును. అది పిల్లలకు రాకపోయినచో దోషము మేము నేర్పిన తీరులో నున్నది గాని, పిల్లలలో లేదు, తెలుగులో లేదు.

మాలోని లోపము

కొన్నేండ్ల క్రిందట నేను వేరొక బడిలో పనిచేయుచుండగా, నా యొద్ద చదివిన బాలు డొకడు పదవ తరగతిలో ఇంగ్లీషున మంచి మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. తరువాత పాలిటెక్నిక్ చదివి ఒక కర్మాగారమున ఇంటర్వ్యూకు పోయెను. అక్కడి అధికారి ఇంగ్లీషులో, "మీ యూరిని గురించి చెప్పుము" అని యడిగెనట. ఊరిని గురించి పది వాక్యముల వ్యాసమును వానిచేత కంఠస్థము చేయించినవాడను నేనే. ఆ క్షణమున మొదటి వాక్యము వానికి జ్ఞాపకము రాలేదు. మొదటిది రానందున తక్కిన తొమ్మిదియు రాలేదు. తిరిగి వచ్చి నాతో, "సార్, మీరు రాసేది నేర్పినారు, మాట్లాడేది నేర్పలేదు" అనెను. నన్ను నిందింపవలెనని వాడట్లనలేదు. ఉన్నమాట యనెను. ఆ మాట నేను నేటికిని మరువలేదు.

మేము చేసిన దేమి? పాఠము చదివించితిమి. కఠిన పదములకు తెలుగు అర్థములు వ్రాయించితిమి. ప్రశ్నలకు జవాబులను నల్లబల్లమీద వ్రాసి వల్లె వేయించితిమి. పరీక్షకు అంతయు చాలెను. కాని ప్రశ్న వేయుట ఎన్నడును పిల్లవాని వంతు కాలేదు. సంభాషణలో సగము ప్రశ్నయే గదా! ఐదేండ్లలో ఒక్క ప్రశ్నయైనను తానై యడుగని పిల్లవాడు ఆరవ యేట మాటలాడుట యెట్లు?

జూజువాడి పిల్లలకున్న సంపద

మన పిల్లలు భాషలు నేర్చుటలో ఎవరికిని తీసిపోరు. మన జూజువాడి తమిళనాడు కర్ణాటకముల సరిహద్దున, బెంగుళూరు మార్గముపై నున్నది. ఇక్కడి ఆరేండ్ల పిల్లవాడు ఇంట అవ్వతో తెలుగు పలుకును. హోసూరు బస్సులో తమిళమున జవాబు చెప్పును. అత్తిబెలె అంగడిలో కన్నడమున బేరమాడును. వానికి ఈ భాషల వ్యాకరణమును నేర్పినవారు లేరు. పుస్తకము కొనియిచ్చినవారును లేరు. మనము దినదినము చూచుచున్నందున దీనిని వింతగా నెంచుట లేదు గాని, ఒకే భాష యున్న దేశములలోని వారు చూచినచో మిక్కిలి ఆశ్చర్యపడుదురు.

ఈ భాషలు వానికెట్లు వచ్చెను? మూడు కారణములు కలవు. మొదటిది వినికిడి: పలుకుటకు ముందు వాడు ఆ మాటలను వేలసార్లు వినియున్నాడు. రెండవది అవసరము: కన్నడ మాడనిచో మిఠాయి దొరకదు, తమిళ మాడనిచో ఆటలో చేర్చుకొనరు. మూడవది నిర్భయము: తప్పు పలికినందుకు అంగడివాడు మార్కులు తగ్గించడు, వాని యర్థము గ్రహించి వస్తువు నిచ్చును.

ఇంగ్లీషునకు మన యూర ఈ మూడును కొరతయే. వీధిలో దానిని పలుకువారు అరుదు. అది రాకున్నను పిల్లవాని యాట ఆగదు. తప్పు పలికినచో తరగతి యంతయు నవ్వును. కావున వీధి ఈయలేని ఈ మూడింటిని బడి కల్పింపవలెను. ఇంగ్లీషు సంభాషణ నేర్పుట యనగా ఇంతే. ఈ మూడింటిలో ఏది లోపించినను, ఎంత ఖరీదైన బడియైనను పిల్లవానిచే పాటలు చెప్పించగలదు గాని మాటలాడించలేదు.

పూర్వులు చేసిన ప్రయత్నములు

ఈ సమస్య క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో మద్రాసు రాజధాని ఉత్తర జిల్లాలలో జె. ఎ. యేట్సు అను నాంగ్లేయుడు పాఠశాలల తనిఖీ అధికారిగా నుండెను. పరభాషను అనువాదములతో గాక, వాడుక మాటలతో నేరుగా నేర్పవలెనను పద్ధతిని ఆయన ప్రోత్సహించెను. తాను తెలుగు నేర్చుకొనుచు, పుస్తకములోని తెలుగునకును జనులు పలుకు తెలుగునకును ఇంత భేద మేల యని పండితుల నడిగెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారిని (1863-1940) వ్యావహారిక భాషోద్యమమునకు పురికొల్పిన కారణములలో ఆ ప్రశ్నయు నొకటి. గ్రంథభాషలో వ్రాయు నావంటివాడు పంతులుగారి పేరెత్తుట చదువరులకు నవ్వు తెప్పించవచ్చును. పాత అలవాటును మన్నింతురు గాక.

మనకిక్కడ ముఖ్యమైనది పంతులుగారు సవర భాష నేర్చిన విధము. ఆ భాషకు అప్పటికి పుస్తకములు లేవు. తెలుగు తెలిసిన సవరవాని నొకనిని ఇంట నుంచుకొని, విని, పలికి, తప్పులు దిద్దుకొని వారు దానిని నేర్చుకొనిరి. వ్యాకరణమును, నిఘంటువును ఆ మీదట కూర్చిరి. ముందు చెవి, పిదప నోరు, ఆ తరువాత చేయి అను క్రమమును వారు తమ జీవితముననే చూపిరి. అంతియ కాక, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పవలెనని పాటుపడిరి. మాతృభాష ఇతర విద్యలకు అడ్డు కాదనియు, మెట్టు అనియు వారెరుగుదురు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, అక్కడి తెలుగువారికి సరిహద్దున కావలనున్న మనవంటి స్థితియే కలిగినది.

తరువాత 1926లో మైకేల్ వెస్ట్ అను విద్యావేత్త, బంగాళమున తాను చేసిన పరిశీలనలను బట్టి, భారతీయ బాలునకు ఇంగ్లీషు మాటలాడుట కంటె చదువుటయే ముందు అవసరమని వాదించెను. జ్ఞానమంతయు ఇంగ్లీషు పుస్తకములలో నున్న ఆ కాలమున అది యుక్తమైన వాదమే. మన యూరి సంగతి నేడు వేరు. 1970ల నుండి హోసూరున సిప్కాట్ పారిశ్రామిక వాడ పెరుగుచు వచ్చినది. బెంగుళూరు మనకు వాకిట నున్నది. పలు రాష్ట్రముల నుండి వచ్చినవారు ఒకే కర్మాగారమున పనిచేయుచున్నారు. వారి నడుమ ఇంగ్లీషు పలుమారు వంతెన వలె నుండును. కావున చదువుటతో పాటు మాటలాడుటయు మన పిల్లలకు జీవనావసరమైనది.

1959లో మద్రాసు రాష్ట్రమున ప్రారంభ తరగతుల ఇంగ్లీషు ఉపాధ్యాయులకై గొప్ప శిక్షణోద్యమ మొకటి మొదలయ్యెను. అప్పటికి మన హోసూరు తాలూకా సేలము జిల్లాలోనిది. సుమారు 27,000 మందికి శిక్షణ నొసగవలెననునది ఉద్దేశము. కొందరికి నేర్పగా వారు మరికొందరికి, వారు ఇంకను కొందరికి నేర్పుచు పోవలెను. దొర్లినకొలది పెరుగు మంచుముద్ద వంటిది గనుక దానికి "మద్రాసు స్నోబాల్" అను పేరు వచ్చినది. ముందు నోటితో నేర్పి పిదప పుస్తకము చేతికిచ్చుట ఆ పద్ధతిలోని మేలు. వాక్యములను సులభమైన వాని నుండి కఠినమైన వానికి వరుసగా నమర్చి, వస్తువులు చూపుచు పలికించెడివారు.

నేను బాలుడనుగా నున్నప్పుడు నాకును అట్టి పాఠములే చెప్పిరి. ఉపాధ్యాయుడు కలము నెత్తి చూపి "దిస్ ఈజ్ ఎ పెన్" అనును. మేము నలువది మందిమి ఒక్క గొంతుతో అదే యందుము. నోరు తిరిగినమాట నిజము. కాని కలము అందరి కన్నులకు కనబడుచుండగా, అది కలమని చెప్పుటవలన ఎవరికి ఏమి తెలిసెను? ఒకరికి తెలిసినది మరియొకరికి తెలియకుండవలెను. అప్పుడే మాట పుట్టును.

ఈ కొరతను గుర్తించి క్రొత్త త్రోవ త్రొక్కినవారు ఎన్. ఎస్. ప్రభుగారు. మన పొరుగున నున్న బెంగుళూరున 1963లో దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ స్థాపితమైనది. దాని సహకారముతో ప్రభుగారు 1979 మొదలు 1984 వరకు బెంగుళూరు, మద్రాసు మున్నగు చోట్ల కొన్ని సామాన్య పాఠశాలలలో ఒక ప్రయోగము నడిపిరి. వ్యాకరణ పాఠములు లేవు, వల్లె వేయుట లేదు. పిల్లల ముందు ఒక రైలు వేళల పట్టికయో, ఒక ఊరి పటమో ఉంచి, చిన్న చిక్కు నిచ్చెడివారు. ఈ రైలెక్కినచో ఎన్ని గంటలకు చేరుదుము? మధ్యాహ్నములోగా చేరవలెనన్న ఏ బండి యెక్కవలెను? ఉపాధ్యాయుడు మొదట అట్టి చిక్కునే తరగతి యంతటితో ఇంగ్లీషులో మాటలాడుచు విడదీయును. తరువాత పిల్లలు తమంతట తాము మరియొకటి విడదీయవలెను. జవాబు ఒక్క మాటలో చెప్పినను సరియే. మనస్సు జవాబు మీద లగ్నమై యుండగా, భాష తెలియకయే లోనికి ప్రవేశించు నని వారి యభిప్రాయము.

పిల్లలను గుంపులు చేసి తమలో తాము మాటలాడించుటకు ప్రభుగారు అంతగా ఇష్టపడలేదు. తప్పుల మాటలే ఒకరి నుండి ఒకరికి అంటుకొనునని వారి సందేహము. ఇతరులు దీని నంగీకరింపరు. నా యనుభవమున రెండింటికిని చోటున్నది. ముందు ఉపాధ్యాయునితో, కొంత బలము వచ్చిన పిదప జంటలుగా మాటలాడించిన మేలు.

తరగతిలో మేము చేయుచున్నది

పై విషయములను మనసున నుంచుకొని, మన బడిలో దినమునకు అరగంట పుస్తకము లేని ఇంగ్లీషునకు కేటాయించితిమి.

మొదటి తరగతిలో ప్రధానము వినికిడి. ఉపాధ్యాయిని "స్టాండ్ అప్", "టచ్ యువర్ నోస్", "బ్రింగ్ మీ ది చాక్" అని చెప్పుచు తానును చేసి చూపును. పిల్లలు చేయుదురు. పలుకుమని బలవంతము లేదు. అమెరికాలో జేమ్స్ ఆషర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1960లలో ఈ పద్ధతిని వివరించెను. పసిబిడ్డ మాటలాడుటకు ఎంతో ముందే "రా", "పట్టుకో", "చేతులు చూపు" అనువానిని గ్రహించి చేయును గదా! దానినే తరగతిలోనికి తెచ్చిరి. కొన్ని వారములు గడచునప్పటికి పిల్లలలో నొకడు తానే లేచి, "టీచర్, స్టాండ్ అప్!" అనును. అప్పుడు ఉపాధ్యాయిని నిజముగనే లేచి నిలువవలెను. ఆ క్షణమున పిల్లవానికి ఇంగ్లీషు పనికివచ్చు వస్తువని తెలియును.

రెండవ మూడవ తరగతులలో అవసరమును కల్పింతుము. ఇద్దరు పిల్లలను వీపు వీపు ఆనించి కూర్చుండబెట్టి చెరియొక చీటి నిత్తుము. ఒకని చీటిలో కూరగాయల ధరలుండును. రెండవవాని చీటిలో కొనవలసిన వస్తువులును, చేతనున్న రూకలును ఉండును. ఒకని చీటిని మరియొకడు చూడరాదు. ఇక మాటలాడక తప్పదు.

"గుడ్ మార్నింగ్. హావ్ యు గాట్ టొమాటోస్?"

"యెస్. హౌ మచ్ డు యు వాంట్?"

"టూ కిలోస్, ప్లీజ్. హౌ మచ్ ఈజ్ ఇట్?"

"సిక్స్‌టీ రుపీస్."

ఒకనాడు ఈ యాటలో ఒక బాలిక మేము నేర్పని మాట యనెను: "నో, నో. ఐ డైలీ కమింగ్. ఫిఫ్టీ గివ్!" తరగతి నవ్వెను, నేనును నవ్వితిని. ఆ మాట మాటకు వాళ్ల అమ్మదే. "రోజూ వచ్చేదాన్నే గదా, యాభైకి ఇయ్యి" అని తల్లి సంతలో బేరమాడగా విని, పాప దానిని ఇంగ్లీషున ధరించినది. వ్యాకరణము తప్పే, కాని బేరము ఒప్పు. ఇంట తెలుగులో మాటనేర్పు గల పిల్లకు ఇంగ్లీషులో చెప్పదగినది ముందే సిద్ధముగా నుండును. మాటలు మాత్రము వెదుకుకొనవలెను.

నాలుగు ఐదు తరగతులలో ఫోనులో మాటలాడుట, బస్సు నిలుచు చోటు నుండి బడికి దారి చెప్పుట, నిన్న జరిగినది చెప్పుట, ఒంట్లో బాగులేదని డాక్టరుకు వివరించుట మున్నగునవి అభ్యాసము చేయింతుము.

ఇక మూడవది నిర్భయము. ఇది అన్నింటికంటె కష్టము, ఏలయన ముందు మారవలసినవారము మేము. పిల్లవాడు "యెస్టర్‌డే ఐ గో టు హోసూర్" అనినచో, వెనుక "తప్పు, వెంట్ అనుము" అని గద్దించెడివారము. పిల్లవాడు వెంట్ అనును, కాని ఊరికి పోయిన కథ ఆగిపోవును. ఇప్పుడు, "ఓహో, యు వెంట్ టు హోసూర్! హూ వెంట్ విత్ యు?" అందుము. సరియైన రూపము వాని చెవిని రెండుమారులు పడినది, కథయు సాగినది. వ్రాతలో తప్పులను ఎర్రసిరాతోనే దిద్దుదుము. మాటలో దిద్దుట ఇట్లు.

వీనితో పాటు ప్రతి పిల్లవానికి నాలుగు మాటలను కవచమువలె నిత్తుము: "ప్లీజ్ సే ఇట్ అగైన్", "ప్లీజ్ స్పీక్ స్లోలీ", "ఐ డోంట్ అండర్‌స్టాండ్", "హౌ డు యు సే దిస్ ఇన్ ఇంగ్లీష్?" ఇవి వచ్చినవాడు సంభాషణలో కూలిపోడు. నా పూర్వ విద్యార్థికి ఆనాడు పది వాక్యముల వ్యాసమునకు బదులు ఈ నాలుగు మాటలు నేర్పియుండినచో, మొదటి వాక్యము మరచినను వాడు నిలద్రొక్కుకొని యుండును.

తెలుగు అలవాట్లు అడ్డుపడు చోట్లు

తెలుగు బిడ్డకు ఇంగ్లీషులో ఎక్కడ చిక్కులు వచ్చునో తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడే చక్కగా చెప్పగలడు. కొన్నింటిని చూపుదును.

మనము ఒకరింటి నుండి బయలుదేరునప్పుడు "పోతాను" అనము. అది అశుభమని "వస్తాను" అందుము. పిల్లవాడు దానినే మార్చి సాయంకాలమున "ఐ విల్ కమ్, సార్" అని పోవును. వినువాడు మన యాచార మెరుగనివాడైనచో, వీడు మరల వచ్చునని కాచుకొని కూర్చుండును. "బై, సార్. సీ యు టుమారో" అని చెప్పుట నేర్పవలెను. మాటకు మాట మార్చుట సంభాషణ కాదు. ఆ సమయమున ఆ భాషవారు ఏమందురో తెలియుట సంభాషణ.

మర్యాద సంగతియు నట్టిదే. మనకు నీవు, మీరు వేరు. గారు, అండి కలవు. ఇంగ్లీషులో అందరికిని "యు" ఒక్కటే. అక్కడి గౌరవ మంతయు "ప్లీజ్", "మే ఐ", "కుడ్ యు", "థాంక్యూ" అను మాటలలో నుండును. మన యిండ్లలో అమ్మ అన్నము వడ్డించినందుకు కృతజ్ఞత చెప్పుట అలవాటు లేదు. చెప్పినచో పరాయివాడయ్యెనా యని అమ్మ వింతగా చూచును. అందుచే మన పిల్లలు ఈ మాటల నాడుటకు సిగ్గుపడుదురు. వారు మర్యాద తెలియనివారు కారు. ఆ మర్యాద వేరొక రూపమున నుండునని వారికి చెప్పవలెను.

ప్రశ్న వేయుట మనకు మిక్కిలి సులభము. "తింటివి" అనుదానిని "తింటివా" అనిన ప్రశ్న యగును. ఇంగ్లీషులో "యు ఏట్" అనునది "డిడ్ యు ఈట్?" గా మారును. ముందొక మాట చేరును, క్రియ రూపమును మారును. కావున పసివారికి సూత్రము చెప్పక, నిత్యము వాడు ప్రశ్నలను ముక్కలు చేయక మొత్తముగా నేర్పుదుము. సూత్రము పై తరగతిలో చెప్పినప్పుడు, అప్పటికే నోటనున్న ప్రశ్నలే దానికి ఉదాహరణము లగును.

ఉచ్చారణ విషయమున, తెలుగు మాట సామాన్యముగా అచ్చుతో ముగియును గనుక మనము బస్సు, బుక్కు, పెన్ను అందుము. మాట మొదట "స్కూ" వచ్చినచో "ఇస్కూలు" అందుము. మెల్లగా సవరించిన చాలును. "ఫ్యాన్" అనునది "ప్యాన్" కాకుండుటకు పై పండ్లను క్రింది పెదవిపై ఆనించి గాలి వదలుట అద్దములో చూపవలెను. "బనానా" వంటి మాటలో నడిమి అక్షరమును ఊది, తక్కినవానిని తేల్చి పలుకుట నేర్పవలెను. ఎదుటివానికి స్పష్టముగా అర్థమగుట మన లక్ష్యము. దొరవలె పలుకుట కాదు.

ఇంటివద్ద చేయదగినది

"మాకే ఇంగ్లీషు రాదు, మేమేమి చేయగలము సార్?" అని పలువురు పోషకులు అడుగుచున్నారు. మీకు రాకపోవుటయే ఒక సౌకర్యము! పిల్లవానిని మీకు గురువుగా చేయుడు. రాత్రి భోజనము వేళ, "నేడు ఏ మాట నేర్చుకొంటివి? నాకును నేర్పుము" అని యడుగుడు. మీరు తప్పు పలుకుడు, వాడు దిద్దును. నేర్చినదానిని మరియొకరికి నేర్పినప్పుడే అది స్థిరపడును. పది నిమిషములు చాలును.

బంధువులు వచ్చినప్పుడు "ఏదీ, మామకు ఇంగ్లీషులో చెప్పు" అని నిలబెట్టకుడు. అది పరీక్ష యగును, నోరు మూతపడును. తప్పునకు నవ్వకుడు. పక్కింటి పిల్లవానితో పోల్చకుడు. ఫోనులో ఇంగ్లీషు కథలు విననిచ్చుట మంచిదే, కాని ఫోను మన మాట వినదు, మన ముఖము చూడదు. కొద్దిసేపు విననిచ్చి, ఆ కథను తెలుగులో చెప్పించుడు.

అన్నింటికంటె ముఖ్యమైనది, బిడ్డతో తెలుగులో విస్తారముగా మాటలాడుడు. జాతరలో చూచినది చెప్పించుడు. ఎందుకు, ఎట్లు అని యడుగుడు. అవ్వచేత కథలు చెప్పించుడు. జరిగినదానిని మొదటినుండి తుదివరకు తెలుగులో చెప్పలేని పిల్లవాడు ఇంగ్లీషులో ఏమి చెప్పగలడు? ఇంట వచ్చీరాని ఇంగ్లీషు మాత్రమే పలికి తెలుగు మాన్పించినచో, బిడ్డకు రెండును కుంటుపడును.

టి.సి. అడుగుటకు ముందు

1956లో మన రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు సౌకర్యము కల్పింపవలెనని చెప్పుచున్నది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము తరువాత మన పిల్లలు బడిలో తమిళమును నేర్చుచున్నారు. అదియు మేలే, మనము వసించు రాష్ట్రపు భాష గదా! కాని చట్టము సౌకర్యము నీయగలదు, పిల్లలను తరగతిలో కూర్చుండబెట్టలేదు. ఆ పని చేయువారు మీరే. పిల్లలు లేని తెలుగు తరగతిని ఏ అధికరణమును నిలుపజాలదు. ఒక్కొక్క టి.సి. వ్రాయునప్పుడు నా చేయి తడబడుట యందుకే.

అట్లని ఇంగ్లీషు వద్దనుకొనుడని నేను చెప్పను. చెప్పినను మీరు వినరు, వినకుండుటయే న్యాయము. మేము నేర్పని ఇంగ్లీషునకు తెలుగును బలిచేయవలదని మాత్రము వేడుచున్నాను. లోపము మాది. దానిని దిద్దుకొనుచున్నాము. ఇంకను దిద్దవలసినది చాల కలదు. అరగంట ఇంగ్లీషునకు తగిన చీటీలు, బొమ్మలు చాలవు. ఉపాధ్యాయులకు మరింత అభ్యాసము కావలెను. మీ యింట పాత పంచాంగపు బొమ్మలు, బస్సు వేళల కాగితములు, ఖాళీ మందుపెట్టెలు ఉన్నచో పంపుడు. అవియే మా పాఠ్యపుస్తకములు.

చివరగా ఒక్క కోరిక. మీ బిడ్డకు ఇంగ్లీషు రాలేదని తోచి టి.సి. అడుగ రావలెనని తలచినచో, దానికి ముందు ఒక్క ఉదయము వచ్చి ఆ అరగంట తరగతిలో కూర్చుండుడు. వెనుక బల్లపై మీకు చోటుంచుదుము. చీటీలు పట్టుకొని బేరమాడు పిల్లలలో మీ బిడ్డ గొంతును వినుడు. అప్పటికిని మీ మనస్సు మారనిచో, నా గదికి రండు, మారుమాటాడక సంతకము చేసి యిత్తును. గత సంవత్సరము వచ్చిన ఆ తల్లితో ఈ మాట చెప్పుటకు నాకు తోచలేదు. మీతోనైనను ముందుగా చెప్పుచున్నాను.